గురివింద తూకం

కాటాలు అమ్మి, బాగుచేసే మనిషికి కూతురు రెండున్నర నెలలు ముందే పుట్టింది, తొమ్మిది వందల గ్రాములతో. బంగారం తూచే గింజ పేరుతో ‘గురివింద’ అని పిలుచుకున్నాడు. కాటా ముల్లు అబద్ధమాడదని ఇరవయ్యేళ్లుగా చెప్పి అమ్మిన నోరు అతనిది. ఆస్పత్రి అద్దాల పెట్టె దగ్గరా ఒకటే ప్రశ్న: “ఇవాళ ఎంత తూగింది?”

నాలుగో వారంలో పిల్ల పాలిపోయింది. ఒంట్లో ఉన్నదే చిన్న టీగ్లాసుడు నెత్తురు. అందులోంచే పరీక్షలకు చుక్క చుక్క తీశారు. కొత్తది తయారుచేసుకునే సత్తువ ఆ ఒంటికి ఇంకా రాలేదు. నాలుగు గంటలపాటు పదిహేను మిల్లీలీటర్ల నెత్తురు ఎక్కించారు. బుగ్గల్లోకి రంగొచ్చింది. సాయంత్రం పొట్ట నిండుగా కనిపిస్తే, ఒళ్లు చేస్తోందనుకున్నాడు.

మర్నాడు తూకం డెబ్బై గ్రాములు పెరిగింది. రెండేసి మెట్లు ఎక్కుతూ భార్య దగ్గరికి పరుగెత్తాడు.

“డెబ్బై! ఇంక నీ ఒళ్లోకి ఇచ్చేస్తారు చూడు.”

ఆమె ఇంతవరకూ పిల్లను ఎత్తుకోలేదు. మోచేతులదాకా కడుక్కుని వచ్చేసరికి నర్సమ్మ అడ్డం నిలబడింది.

“సంచి తడిసి బరువెక్కితే సరుకు పెరిగినట్టా అయ్యా?”

గుడ్డ తొలగించింది. పొట్ట బిగిసి మెరుస్తోంది. పాలు పట్టే గొట్టంలో పచ్చటి పసరు, విరేచనంలో నెత్తుటి జీర. పేగుకు వాపు పట్టింది. చిల్లు పడితే ఆపరేషన్ చెయ్యాలి. పాలు పూర్తిగా ఆపేశారు.

“నెత్తురు ఎక్కించినందుకేనా?” అన్నాడతను.

“నెత్తురు తగ్గినందుకో, ఎక్కించినందుకో... డాక్టర్లకే తేలలేదు.”

అయినా భార్య మూడు గంటలకోసారి పాలు పిండి సీసాల్లో దాస్తూనే ఉంది.

“తాగేవాళ్లు లేరుగా, ఎందుకే?”

“ఆపితే ఎండిపోతాయండీ. అది అడిగిన రోజున లేవని చెప్పమంటారా?”



పాలు ఆపిన పదకొండో రోజుకు తూకం ఎనభై తగ్గింది, పొట్ట మెత్తబడింది. తరుగు చూసి అతను సంతోషించడం అదే మొదలు. నర్సమ్మ గొట్టంలోంచి ఒకే ఒక్క మిల్లీలీటరు పాలు వదిలింది.

“అంతేనా?” అంది భార్య.

“ఇది అరిగితే రేపు రెండు. ఆ కుర్చీలో కూర్చోండమ్మా.”

నర్సమ్మ పిల్లను తల్లి గుండెల మీద పెట్టింది. గంట గడిచాక తిరిగి పెట్టెలోకి తీసుకెళ్లింది.

భార్య చేతులు అలాగే వంచి కూర్చుంది. “బరువు ఇంకా ఇక్కడే తెలుస్తోందండీ.”

సరుకు దించాక ముల్లు సున్నాకు రాకపోతే, ఆ కాటాను అతను బాగుచెయ్యడానికి వెంటనే విప్పేస్తాడు. ఇప్పుడు మాత్రం స్టూలు లాక్కుని, ఆ చేతులు కదలకుండా పక్కన కూర్చున్నాడు.