బోర్లా పరిచిన రంగులు

అల్లాల్ ఆ ముక్కను మళ్లీ తిప్పి చూశాడు. నీలమే. ఇందాకా నీలమే, ఇప్పుడూ నీలమే. కింద పెట్టి పక్క ముక్క అందుకునేలోపే మళ్లీ అనుమానం పీకింది. మళ్లీ తీశాడు. పొద్దున్నుంచీ ఇదే వరస. మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడేసరికి పరిచింది అరచేయంత.

ఫెజ్ నగరంలో గోడలకూ ఫౌంటెన్లకూ రంగు పెంకుల ముక్కలు పరిచేవాళ్లు వాటిని బోర్లా పరుస్తారు. మెరిసే మొహం నేలకు, మట్టి వీపు మనిషికి. వెనకనుంచి చూస్తే తెలుపైనా నలుపైనా ఒకటే మట్టి. ఏ రంగు ఎక్కడ పడాలో పరిచేవాడి బుర్రలో ఉండాలి. పైన సిమెంటు పోసి, రెండు రోజులు ఆరనిచ్చి, పలకను ఎత్తి నిలబెడితే గాని తాను చేసిందేమిటో వాడికే తెలియదు.

ఇరవై రెండేళ్లు అల్లాల్ అలా చూడకుండానే పరిచాడు. ఐదు నెలల కిందట ఒక కొత్త ఇంట్లో పలక ఎత్తగానే నక్షత్రం నడిబొడ్డున తెల్లముక్క ఉండాల్సిన చోట నల్లది కనబడింది, పన్ను ఊడిన నోరులాగా. ఇంటివాళ్లమ్మాయి కిసుక్కున నవ్వింది. పెద్ద మేస్త్రీ తుహామి పల్లెత్తు మాట అనకుండా ఉలి తీసి ఆ ముక్కను పీకి మార్చాడు. నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదని అల్లాల్‌కు ఇప్పటికీ కడుపుమంట.

ఆ రోజునుంచి చెయ్యి సాగదు. వంగి పరచలేని ముసలివాళ్లకు ఇచ్చే పని, ముక్కల్ని రంగులవారీగా బుట్టల్లోకి ఏరడం, అది చేస్తూ కూర్చున్నాడు. ఇంటికెళితే బావమరిది మీలూద్ ఫోను పట్టుకుని, అందులో చూసిన సలహాలతో తయారు.

"బావా, తెల్లారి ఐదింటికి లే. చన్నీళ్లు పోసుకో. అద్దంలో చూసుకుని 'నేను మొనగాణ్ణి' అని పదిసార్లు అనుకో."

"నువ్వు అనుకుంటున్నావా?"

"రోజూ!"

"మరి ఉద్యోగం వచ్చిందా?"

మీలూద్ ఫోను జేబులో పెట్టుకుని టీ అడిగాడు.

భార్య రఖియా సలహాలు ఇచ్చే మనిషి కాదు. చిక్కుడు గింజల జావ గిన్నె ముందుకు తోసి, "పని చేస్తే చెయ్యి, మానేస్తే మానెయ్యి. ఆ ఏడుపు మొహం మాత్రం ఇంటికి మోసుకురాకు. నీ నిట్టూర్పులు వినలేక చస్తున్నా" అంది.

అల్లాల్‌కు ఒళ్లు మండింది. మండినా లేవబుద్ధి కాలేదు. అదే అసలు రోగం. ఈమధ్య అతనికి కోపం కూడా కూర్చున్నచోటే వచ్చి కూర్చున్నచోటే చల్లారిపోతోంది.

సోమవారం తుహామి తేల్చి చెప్పాడు. "ఒరే అల్లాల్, ఫౌంటెన్ ముందువైపు పలక గురువారం సాయంత్రానికి పడాలి. పడకపోతే మెక్నెస్ నుంచి మనిషిని పిలిపిస్తా. నీ చోట్లో అతను కూర్చుంటాడు. నువ్వు బుట్టల దగ్గరే ఉండిపో, ఇక నిన్నేమీ అడగను."

ఈరోజే గురువారం. చేతిలో అరచేయంత పని. ఇరవై రెండేళ్ల పనితనం సాయంత్రానికి బుట్టలపాలు.

నమాజు అయ్యాక తుహామి వాకిట్లో నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. చెవుడు కాబట్టి వీధంతా వినబడేలా అరుస్తాడు. "రా నాయనా, శనివారం వచ్చెయ్యి. కిటికీ దగ్గర చోటు ఖాళీగానే ఉంది."

ఖాళీగానా! కిటికీ దగ్గర దున్నపోతులా తాను కూర్చుని ఉంటే ఖాళీనా? ఎవరి చోటు ఎవరికి పంచుతున్నాడీ ముసలాడు? అల్లాల్ చేతిలో ఉన్న ముక్కను ఠపీమని నేలకు పెట్టాడు. దాని పక్కన ఇంకోటి. "ఖాళీ అట, ఖాళీ" అని గొణుగుతూ తెల్లబుట్టలోంచి పిడికెడు, నల్లబుట్టలోంచి పిడికెడు అందుకున్నాడు. మీలూద్‌ను తిట్టాడు, కిసుక్కుమన్న ఆ పిల్లను తిట్టాడు, ఆ రోజు తనను తిట్టనందుకు తుహామిని తిట్టాడు. చేతులు వాటి దారిన అవి నడిచాయి. పొద్దుగుంకే వేళకు పలకంతా పరిచి సిమెంటు పోసేశాడు. చేతులు కడుక్కుంటుంటే అప్పుడు గుర్తొచ్చింది, మధ్యాహ్నంనుంచి ఒక్క ముక్కను కూడా తిప్పి చూడలేదని. ఇప్పుడు చూద్దామన్నా సిమెంటు కింద ఉంది.

తుహామి తడి సిమెంటు వంక చూసి, మళ్లీ వాకిట్లోకి నడిచి, మెక్నెస్ మనిషికి రావద్దని అరిచి చెప్పాడు.

రెండు రాత్రులు అల్లాల్‌కు సరిగ్గా నిద్రపట్టలేదు. శనివారం అందరికన్నా ముందే వచ్చి, ఆరిన పలక వైపు మొహమైనా తిప్పకుండా, ఫౌంటెన్ పక్కపలకకు ముక్కలు పరవడం మొదలుపెట్టాడు.

"రారా, ఎత్తుతున్నాం" అని తుహామి పిలిచాడు.

"మీరు కానివ్వండి మేస్త్రీ. నేను వరస మధ్యలో ఉన్నా."

వెనక పనివాళ్లు నలుగురూ ఆయాసపడుతూ పలకను లేపిన చప్పుడు, గోడకు ఆనించిన చప్పుడు వినబడ్డాయి. అల్లాల్ ఇంకో ముక్క అందుకున్నాడు.

"తప్పు పడింది రా" అన్నాడు తుహామి. "కింది మూల పచ్చముక్క."

అల్లాల్ వెనక్కి తిరగలేదు. చెయ్యీ ఆగలేదు.

"ఒకటేనా?" అని అడిగి, తర్వాతి ముక్కను బోర్లా పెట్టాడు.