నాలుగో గడి

మనుషులు ఎప్పుడు పోతారో లెక్కగట్టడం నా ఉద్యోగం. ఫలానావాళ్ళు ఎప్పుడు పోతారన్నది మాకు అక్కర్లేదు, వెయ్యి మందిలో ఏ వయసులో ఎందరు పోతారో తేలితే చాలు. దీన్ని యాక్చువరీ పని అంటారు. మా అక్క మాత్రం పక్కింటివాళ్ళకు ఇరవై ఏళ్ళుగా 'మా చెల్లెలు బ్యాంకులో చేస్తుంది' అనే చెబుతోంది. అసలు సంగతి చెబితే తమకింకా ఆయుష్షు ఎన్నాళ్ళుందో చూసిపెట్టమంటారని దాని భయం.

ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు పింఛను ఇచ్చే సంస్థ మాది. యాభై ఎనిమిదో ఏట ఇచ్చే పింఛనును అరవై ఒకటికి జరపాలని పైవాళ్ళు అనుకున్నారు. జనం ఎక్కువకాలం బతుకుతున్నారు కాబట్టి నిధి చాలదన్నారు, అందులో అబద్ధం లేదు. బరువులు మోసేవాళ్ళ సంఘాలు మాత్రం మమ్మల్ని వదిలేయండి, మేం అంతకాలం బతకం అని మొరపెట్టుకున్నాయి. అది నిజమో కాదో తేల్చమని ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

తేల్చాను. పదేళ్ళ రికార్డులు తీసి గుమాస్తాలను ఒకవైపు, హమాలీలను ఒకవైపు పెట్టి చూస్తే, యాభై దాటిన హమాలీల్లో చావులు గుమాస్తాలకన్నా తక్కువగా వచ్చాయి. మళ్ళీ మళ్ళీ చూశాను, అంతే వచ్చింది. అందరూ అనుకునేదానికి అడ్డంగా వచ్చే లెక్కంటే మా వృత్తిలో మహా ముద్దు. నేనూ మురిసిపోయి రిపోర్టు చివర ఒక వాక్యం చేర్చాను: 'క్రమం తప్పని శారీరక శ్రమ వీరి ఆరోగ్యానికి మేలు చేస్తూ ఉండవచ్చు.' ఆ వాక్యం నన్నెవరూ అడగలేదు, నా చేతి దురద కొద్దీ రాశాను. రెండు నెలలు తిరక్కుండా అందరికీ అరవై ఒకటే అని రూలు వచ్చింది.

మా బావ సిమెంటు గోదాములో హమాలీ. ఇది ముందే చెప్పాల్సిన మాట. లెక్కలోకి మనవాళ్ళను రానివ్వకూడదని మాకు మొదట్లోనే నేర్పుతారు, నేను బుద్ధిగా నేర్చుకున్నాను.

రూలు వచ్చిన వారం అక్కావాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళుండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. రెండో అంతస్తు మలుపులో ఎవరో ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి ఉంచారు. దాని మీద బావ కాలు మీద కాలేసుకుని, ఒళ్ళో కూరగాయల సంచి పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. దర్జా అంతా పైకే, ఛాతీలోంచి పిల్లికూతలు నాకు కింది మెట్టు దాకా వినిపించాయి.

"రా మరదలా, నీకోసమే చూస్తున్నా," అన్నాడు. "శ్రమ ఒంటికి మంచిదట, పేపర్లో వేశారు. మీ ఆఫీసువాళ్ళెవరో రాశారట. ఎవరో గానీ ఎప్పుడూ బస్తా ఎత్తినట్టు లేరు."

నేను ఆయన ఒళ్ళోంచి సంచి అందుకున్నాను. పేపర్లో నా పేరు వేయలేదు.

భోజనాల దగ్గర మాట మారుద్దామని జట్టువాళ్ళ సంగతి అడిగాను. పదకొండు మంది కలిసి ఆ గోదాములో చేరారట, ఇప్పుడు పనిలో ఉన్నది ఇద్దరే. నలుగురు ఇళ్ళల్లో మంచాల మీద ఉన్నారు, ఐదుగురు పోయారు. ఐదుగురనేసరికి నాకు ఆశ్చర్యమేసింది. ఆ గోదాములో పదేళ్ళలో ఒక్క చావే ఉన్నట్టు నా రికార్డుల్లో ఉందని చెప్పాను.

"ఆ ఒక్కడూ లారీ కింద పడ్డాడు," అన్నాడు బావ, పప్పు కలుపుకుంటూ. "మిగతావాళ్ళు పనిలో ఎందుకు పోతారు? బస్తా ఎత్తలేనివాణ్ణి పనిలో ఉంచుకోరు కదా. మానేసి ఇంటికెళ్తాడు. ఇంటికెళ్ళాక పోతాడు."

కంచం ముందే కూర్చుని లెక్క మళ్ళీ మొదట్నుంచి వేసుకున్నాను.

గుమాస్తా దగ్గుతూ కూడా కుర్చీలో కూర్చోగలడు, ఉద్యోగంలో ఉండగానే పోతాడు, నా లెక్కకు దొరుకుతాడు. హమాలీ దొరకడు. పని మానేసిన రోజున బతికే ఉంటాడు, ఆ రోజుతో మా దగ్గర అతని రికార్డు మూసేస్తారు. అంటే రోగమొచ్చిన ప్రతివాడూ ముందే బయటికి వెళ్ళిపోగా, మిగిలిన గట్టివాళ్ళను చూసి నేను ఆహా ఏమి ఆరోగ్యం అనుకున్నానన్నమాట. మా చదువులో మొదటి ఏడాదే హెచ్చరించే పొరపాటు ఇది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు మానేసినవాళ్ళ ఫారాలు తీయించాను. ఎందుకు మానేశారో చెప్పడానికి ఫారంలో ఐదు గడులుంటాయి. మూడోది అనారోగ్యం, నాలుగోది సొంత కారణాలు. హమాలీలవి నూటికి తొంభై ఫారాల్లో టిక్కు నాలుగో గడిలోనే ఉంది. రోజంతా బస్తాలెత్తి ఇల్లు గడుపుకునే మనుషులకు ఇన్నిన్ని సొంత కారణాలు ఎక్కడివని నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు.

గోదాము గుమాస్తాకు ఫోన్ చేశాను. అతను ఏమీ దాచలేదు. మూడో గడి కొడితే డాక్టరు కాగితం, సేఫ్టీ ఆఫీసరు కాగితం, పైన మేనేజరు సంతకం కావాలట. సంతకం పెడితే సిమెంటు దుమ్ముతో రోగం తెప్పించిన నేరం కంపెనీ నెత్తిన పడుతుందని మేనేజరు పెట్టడట. "నాలుగు కొడితే మధ్యాహ్నానికి పనైపోతుంది మేడమ్. పాపం, రోగిష్టివాళ్ళను ఎన్నిసార్లు తిప్పను?" అన్నాడు. తను సాయం చేస్తున్నాననే నమ్ముతున్నాడు.

అన్నీ పట్టుకుని మా పెద్దసారు గదికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా విన్నారు, అదే నాకు ఇంకా మంట. మనం వెంట ఉండి చూడని మనుషుల్ని పట్టికలో ఎలా పెడతామన్నారు. చిరునామాలున్నాయి, వెతుకుదామన్నాను. దానికి వేరే అనుమతి, వేరే సిబ్బంది కావాలి, మూడేళ్ళ తర్వాత వచ్చే సమీక్షలో చూద్దామన్నారు. బావ జట్టు సంగతి చెబితే, పదకొండు మందితో ఏ లెక్కా తేలదని నీకు నేను చెప్పాలా అన్నారు. చెప్పక్కర్లేదు. ఆయన కుర్చీలో నేనున్నా అదే మాట అనేదాన్ని. ఆ సంగతి తెలిసి ఇంకా ఒళ్ళు మండింది. నేను రాసిచ్చిన నాలుగు పేజీల నోటు మీద 'పరిశీలనలో ఉంది' అని రాసి ఫైలుకు కుట్టారు.

బావకు యాభై ఆరు. పాత రూలైతే ఇంకో రెండేళ్ళు ఎలాగోలా ఈడ్చేవాడు, ఇప్పుడు ఐదేళ్ళు. ఊపిరితిత్తులు సగమే పనిచేస్తున్నాయి, ఇక ఒక్క బస్తా కూడా ఎత్తొద్దని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. మూడో గడిలో టిక్కు పడితే వెంటనే సగం పింఛను, ఆయన తర్వాత అక్కకు. నాలుగో గడైతే ఇన్నేళ్ళూ తను కట్టింది తనకు తిరిగిస్తారు, అక్కడితో సరి. తాడోపేడో తేల్చుకుందాం, నేను వెంట వస్తానని బావను బయల్దేరదీశాను.

గోదాము ఆఫీసు ఎనిమిది మెట్ల పైన ఉంది. లోపల క్యాలెండరు మీద, ఫ్యాను రెక్కల మీద, గుమాస్తా కనుబొమల మీద కూడా బూడిదరంగు దుమ్ము. మొదటి సోమవారం సేఫ్టీ ఆఫీసరు సెలవు. రెండో సోమవారం ఆయన కాగితం దొరికింది, మేనేజరు దొరకలేదు. మూడో సోమవారానికి బావ ఆ ఎనిమిది మెట్లూ మూడు విడతలుగా ఎక్కాడు. నేను మోచెయ్యి పట్టుకోబోతే, కుర్రాళ్ళు చూస్తున్నారని విడిపించుకున్నాడు.

మేనేజరు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, నీళ్ళు తెప్పించి, కాగితాలన్నీ శ్రద్ధగా చదివాడు. ఆ తర్వాత సొరుగులోంచి నీలం అట్ట పుస్తకం ఒకటి తీశాడు. దాన్ని నేను తలుపు దగ్గర్నుంచే గుర్తుపట్టేదాన్ని. చివరి పేజీ తిప్పి వేలు పెట్టి చదివాడు, 'క్రమం తప్పని శారీరక శ్రమ వీరి ఆరోగ్యానికి మేలు చేస్తూ ఉండవచ్చు.'

"మా పనివల్లే రోగమొచ్చిందని నేనెలా సంతకం పెట్టను మేడమ్? ఇది మీ సంస్థ రిపోర్టు. మీరు చెప్పిన పేరే కింద ఉంది, సంతకం మీదే కదా?"

"అది తప్పు," అన్నాను.

"సవరించారా?"

"ఇంకా లేదు."

"సవరించాక తీసుకురండి. తప్పకుండా పెడతాను."

బావ ఆ పేజీ కేసి చూశాడు, నా సంతకం కేసి చూశాడు. నా మొహం కేసి మాత్రం చూడలేదు. ఏదో ఒక వేళాకోళం ఆడతాడనుకున్నాను. ఆడితే బాగుండేది. లేచి బయటికి వెళ్ళి గుమాస్తా బల్ల మీది పెన్ను అందుకున్నాడు.

"బావా, ఇంకొక్క వారం ఆగు. నేను పైవాళ్ళతో మాట్లాడతాను," అన్నాను.

"ఇంకో సోమవారం ఈ మెట్లు ఎక్కలేనమ్మా," అన్నాడు. ఆయన నన్ను మరదలా అనకుండా పిలవడం అదే మొదటిసారి.

నాలుగో గడిలో టిక్కు పెట్టాడు. గుమాస్తా ముద్ర వేశాడు. అతను చెప్పినట్టే మధ్యాహ్నానికల్లా పనైపోయింది.

ఇంటికి వచ్చి రెండో అంతస్తు మలుపులో స్టూలు మీద కూలబడ్డాడు. నేను పక్కన గోడకానుకుని నిలబడ్డాను. పైన అక్క వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. పిల్లికూతలు కాస్త తగ్గాక, "అక్కకు చెప్పకు," అన్నాడు.

"నాలుగో గడి సంగతా?"

"అది నేను చెబుతాలే. రాసింది నువ్వని చెప్పకు."

తిట్టినా భరించేదాన్ని. మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

నెలాఖరున, ఎప్పటిలాగే, మానేసినవాళ్ళ జాబితా నా బల్ల మీదికి వచ్చింది. రెండో పేజీలో బావ నంబరు ఉంది. వయసు యాభై ఆరు, పని హమాలీ, గడి నాలుగు, మానేసిన నాటికి సజీవుడు, రికార్డు ముగిసింది. కాదనడానికి అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. కింద నా కోసం వదిలిన చోట సంతకం పెట్టాను. మా పట్టికలో బావ ఇక ఎప్పటికీ చనిపోడు.