ఐదో కోటు

ఫిబ్రవరి 5, గురువారం, సాయంత్రం ఏడున్నర. డులూత్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కేడ్ ప్రూయిట్‌కు ఆ ఏటి ఉత్తమ ఆటగాడి అవార్డు ఇచ్చారు. మైదానంలో తనను కాచిన ఐదుగురికి అతను వేదిక మీదే తోలు కోట్లు పంచాడు. వాటిని ఒక్కొక్కటిగా అందించినవాడు ఓరిన్ హాల్వర్సన్.

సీజన్ ముగిశాక క్వార్టర్‌బ్యాక్ తన ముందు నిలబడి దెబ్బలు కాసిన వరుసకు కానుకలివ్వడం ఆ ఆటలో ఆనవాయితీ. డులూత్‌లో దానికి ఇంకో అర్థం ఉండేది. ప్రూయిట్ కావాలన్నవాళ్లనే యాజమాన్యం అట్టేపెట్టుకునేది. కానుక అందినవాళ్లకు మార్చిలో కొత్త ఒప్పందాలు రాసేవారు. రెండేళ్ల కిందట అందని ఒకతను ఇప్పుడు డెన్వర్‌లో ట్రక్కులు అమ్ముతున్నాడు.

ఓరిన్ ఒప్పందం ఆ మార్చితో ముగుస్తుంది. వయసు ముప్పై మూడు. ఏడేళ్లుగా ప్రూయిట్ ఎడమ పక్కను కాచింది అతనే. బంతి విసిరేటప్పుడు ప్రూయిట్ వీపు అటే ఉంటుంది, అటు నుంచి మీదికి వచ్చేవాడు అతనికి కనబడడు. నవంబరులో ఒక ఆటలో ప్రూయిట్ బంతి విసరడానికి మరీ ఆలస్యం చేశాడు. విసిరి వెనక్కి పడ్డాడు. పడింది ఓరిన్ మోకాలి మీద. మిగతా ఆటలన్నీ తవీటా లెయాటో అనే కొత్త ఆటగాడు ఆడాడు. ఆ స్థానంలో కాళ్లు ఎలా కదపాలో చేతికర్ర మీద ఆనుకుని ఓరినే అతనికి నేర్పాడు.

కోట్లకు దర్జీ కొలతలు తీసుకున్నది అక్టోబరులో. జనవరిలో ప్రూయిట్ ఓరిన్‌కు ఫోన్ చేసి, వరుసంతా వేదిక మీద ఉండాలి, నువ్వు లేకపోతే ఎలా అన్నాడు. ఓరిన్ ఆ మాట భార్యకు రెండుసార్లు చెప్పాడు.

వేదిక వెనక ఇనప కమ్మీకి ఐదు కోట్లు వేలాడుతున్నాయి. చివరిదాని పక్కన ఓరిన్ తన చేయి చాపి చూసుకున్నాడు. మణికట్టు దగ్గర సరిపోయింది. జట్టులో అంత పొడవు చేతులు ఇంకెవరికీ లేవు.

వరుస మధ్యలో ఆడే బ్రిగ్స్ చూశాడు. "ఏరా, పెళ్లికొడుకులా కొలుచుకుంటున్నావ్?"

"మనదో కాదో చూసుకోవద్దూ?" అన్నాడు ఓరిన్.

బ్రిగ్స్ చొక్కా గుండీలు సర్దుకున్నాడు.

వేదిక మీది తెరపై ఆ నవంబరు బంతిని చూపించారు. బంతి చేరాల్సినవాడికి చేరగానే బొమ్మ ఆపేశారు. మోకాలు అందులో లేదు. ప్రూయిట్ మైకులో ఓరిన్ త్యాగం గురించి చెప్పాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తర్వాత అతను కోట్లు తెప్పించి ఓరిన్ చేతి మీద వేయించాడు. వరుసలో పెద్దవాడివి, నువ్వే అందించు అన్నాడు.

ప్రూయిట్ పేర్లు చదివాడు. ఓరిన్ అందించాడు. నాలుగు అయిపోయాయి. ఐదోది ఓరిన్ మోచేతి మీద మిగిలింది. అతను చేతికర్రను పక్కనున్న బల్లకు ఆనించి, కోటులోకి కుడిచేయి దూర్చాడు.

"తవీటా లెయాటో" అన్నాడు ప్రూయిట్.

హాలు నవ్వింది. ముందే అనుకుని చేసిన తమాషా అనుకున్నారు.

"విప్పు నాయనా. ఆ కుర్చీ ఖాళీ చేసి మూడు నెలలైంది" అన్నాడు ప్రూయిట్ మైకులోనే. ఇంకా నవ్వారు. బ్రిగ్స్ కూడా నవ్వాడు.

ఓరిన్ చేయి బయటికి తీసి కోటు చాచాడు. తవీటా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అన్నా, ఇది నీ కొలత."

"వేసుకో. కెమెరా ఇటే ఉంది."

తవీటా వేసుకున్నాడు. కోటు చేతులు అతని వేళ్లు దాటి వేలాడాయి. ఐదుగురూ ప్రూయిట్ చుట్టూ నిలబడ్డారు. ఫోటో తీసేవాడు ఓరిన్‌ను కాస్త పక్కకు జరగమన్నాడు. చేతికర్ర బల్ల దగ్గరే ఉండిపోవడంతో అతను అక్కడిదాకా కుంటుతూ వెళ్లాడు.

మార్చి 11న జట్టు ఒక ప్రకటన ఇచ్చింది. ఓరిన్ హాల్వర్సన్ మోకాలు వైద్య పరీక్షలో నెగ్గలేదని, అతనితో ఒప్పందం పొడిగించడం లేదని అందులో ఉంది. తవీటా లెయాటోకు నాలుగేళ్లకు రాశారు. అదే వారం దర్జీ ఆ కోటు చేతులు రెండంగుళాలు కత్తిరించి కుట్టాడు.