బోనం మీది తేలు

ఆదివారం సాయంత్రం సర్కారు టీవీలో ముంబై కామాటిపురా బోనాలు వస్తాయని గల్లీ అంతటికీ తెలిసిపోయింది. రత్నాబాయి ఒంటిగది ఖోలీలో చాపలు పరిచారు. చోటు చాలనివాళ్ళు గుమ్మం బయట కుర్చీలు వేసుకున్నారు. మంచి చీరలు కట్టుకుని, తలలు నున్నగా దువ్వుకుని వచ్చి కూచున్నారు ఆడవాళ్ళు. చూసేది వీళ్ళో, టీవీలో ఉన్నవాళ్ళో అర్థం కానంత ముస్తాబు.

సంధ్య మాత్రం గ్యాస్ పొయ్యి మూలన గోడకు ఆనుకుని కూచుంది.

ఆమె పాలమూరు జిల్లా పిల్ల. భవనాల పనికి వచ్చే కూలీల గుంపులో కలిసిపోయి, ఎవరికీ చెప్పకుండా ముంబై చేరింది. మొగుడు సాయికుమార్ ఆమె చెయ్యి విరగ్గొట్టి, గడప దాటితే ఎక్కడున్నా వెతికి చంపుతానన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. ఊళ్ళో అతనికి మాట మీద నిలబడేవాడని పేరు కూడా ఉంది, ఆ పేరు ఇచ్చినవాళ్ళను ఏమనాలో తెలియదు. రత్నాబాయి ముత్తాత కూడా ఒకప్పుడు రాళ్ళు మోయడానికే ఈ ఊరొచ్చాడట. అందుకేనేమో ఆ ముసలమ్మ సంధ్యను ఏమీ అడగకుండా తన ఖోలీలో చాప వేసింది. ఇప్పుడు సంధ్య ఫాక్‌లాండ్ రోడ్డు మెస్సులో రొట్టెలు చేస్తోంది. అవ్వా అని పిలిస్తే రత్నాబాయి పలుకుతుంది. బతుకు ఒక దారిన పడింది.

ఆషాఢంలో గల్లీ పోచమ్మకు బోనాలు తీశారు. సంధ్య కూడా ఎత్తింది. సరిగ్గా మలుపు దగ్గర టీవీ కెమెరా ఎదురొచ్చింది. తలకెత్తిన బోనాన్ని అమ్మవారి ముందు తప్ప దించకూడదు, వెనక్కి తిరగకూడదు. రెండు చేతులూ కుండను పట్టుకుని ఉన్నాయి, కొంగు లాక్కుందామన్నా మూడో చెయ్యి లేదు. కళ్ళు మూసుకుని నడవడం ఒక్కటే ఆమె చేయగలిగింది. కళ్ళు మూసుకుంటే మొహం కనిపించకుండా పోతుందా!

మర్నాడు రత్నాబాయి ఆమెను వెంటబెట్టుకుని, గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర కార్యక్రమం తీసే శీతల్‌ను పట్టుకుంది. "శీతల్ తాయీ, ఈ పోరి మొహం టీవీల రావద్దు. వస్తే దీని జాన్ పోతది. సమజైందా?" అంది. శీతల్ మంచి పిల్ల. సంధ్య వంకర తిరిగిన మణికట్టు చూసి ఇంకేమీ అడగలేదు. "మొహం రాదు ఆజీ, నా మాట" అంది.

మాటిచ్చినా సంధ్యకు నిద్ర పట్టలేదు. ఆ కార్యక్రమం సంగతి ఆమెకు తెలిసినంతగా ఈ గల్లీలో ఎవరికీ తెలియదు. డబ్బు కట్టక్కర్లేని డిష్ ఉన్న అత్తగారి ఊరి ఇళ్ళలో ఆదివారం అదే పండగ. ఒక వారం ఎన్నికల మీద చర్చ, ఒక వారం చంద్రుడి మీదికి పోయే రాకెట్టు, ఒక వారం అడవిలో ఏనుగుల బతుకు, ఇంకో వారం జాతరలు. సాయికుమార్ ఏ వారమూ వదిలేవాడు కాదు. బొమ్మ నడుస్తున్నంతసేపూ చెయ్యెత్తేవాడు కాదు, అరిచేవాడు కాదు. అత్త ఎల్లమ్మ, సంధ్య చెరోపక్క కూచుని ఏనుగు పిల్లలను చూసి నవ్వుకునేవాళ్ళు. ఆ ఇంట్లో ఆమెకు ఊపిరాడిన సమయం అదే. చివర్లో సన్నాయి మోగగానే మళ్ళీ గుండెలో దడ మొదలయ్యేది.

ఇప్పుడు టీవీలో ఆ సన్నాయే మోగింది, కార్యక్రమం మొదలుపెడుతూ.

బొమ్మ బాగుంది. గల్లీలు, డప్పులు, పోతరాజు ఆట. తమ మొహం వచ్చినప్పుడల్లా ఒకరు కెవ్వుమంటున్నారు. మలుపు వచ్చింది. సంధ్య రత్నాబాయి మోకాలు గట్టిగా పట్టుకుంది. తెర మీద ఆమె కొంగు అంచు కనిపించింది, అంతే. మొహం రాలేదు.

"చూసినవా? నేను చెప్పలే?" అంది రత్నాబాయి మెల్లగా.

అప్పుడు బోనం వచ్చింది. మొహం చూపలేని లోటు తీర్చాలనుకున్నారో ఏమో, కుండను తెర నిండా చూపించారు. సున్నం మీద పసుపు, కుంకుమ చుక్కలు, కుండ మెడ కింద ఎర్రగా, తోక పైకెత్తిన తేలు.

సంధ్య రత్నాబాయి మోకాలు వదిలేసింది.

ఆ తేలు ఏ ఊళ్ళోనూ ఉండదు, సాయికుమార్ ఇంట్లో తప్ప. ఎల్లమ్మకు అత్తగారైనావిడ ఎప్పుడో తేలు కుట్టి చావబోయి బతికిందని, అప్పటినుంచి ఆ ఇంటి బోనం మీద తేలు గీస్తారు. కొత్త కోడలి చెయ్యి పట్టుకుని ఎల్లమ్మే నేర్పింది. ఇక్కడ కుండ ముందు కూచున్నప్పుడు సంధ్య ఏమీ ఆలోచించలేదు. బోనమంటే అలాగే ఉంటుంది కాబట్టి చెయ్యి దానంతటది గీసేసింది. మొహం దాచమని అంతమందిని బతిమాలిన మనిషి, తన ఇంటి గుర్తును నెత్తిన పెట్టుకుని ఊరేగింది!

"అవ్వా," అంది సంధ్య, "ఆ తేలు మా అత్తగారింటిది."

రత్నాబాయి తెర మీది నుంచి కళ్ళు తిప్పి, అటక మీద పెట్టిన కుండ వంక చూసింది.

బొమ్మ అయిపోయింది. చూసినవాళ్ళు ఫోన్ చేయవచ్చని నంబరు వేశారు. వార్తలు చదివే గొంతుతో ఒకాయన కూచుని ఫోన్లు తీసుకుంటున్నాడు. ఎవరో వర్లి నుంచి చేసి పొగిడారు. తర్వాత ఇంకో ఫోన్ వచ్చింది.

"హలో, ఎక్కడి నుంచమ్మా?"

"పాలమూరు దిక్కు నుంచి బిడ్డా. ముసల్దాన్ని, పేరెందుకు."

ఎల్లమ్మ గొంతు. ఖోలీలో అందరూ ఆ యాసకు నవ్వారు. సంధ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ గొంతు వెనక మగ దగ్గు ఒకటి వినిపించింది. అది ఎవరి దగ్గో ఆమెకు తెలుసు.

"అడుగు. ఆ తేలు బోనం ఎవలదో అడుగు," అన్నాడు సాయికుమార్. తెర లోపలి నుంచి, ఇంత దగ్గరగా.

సంధ్య గుమ్మం వైపు చూసింది. పారిపోదామంటే గుమ్మం నిండా జనం.

"తప్పకుండానమ్మా," అన్నాడు టీవీ ఆయన హుషారుగా. "మా ముంబై బృందాన్ని అడిగి, ఆమె పేరు, వివరాలు ఇప్పుడే..."

"అక్కర్లేదు బిడ్డా!" ఎల్లమ్మ గబుక్కున అంది. "ఈడ మా ఊరోళ్ళు అది మా ఇంటి బోనమని లొల్లి జేస్తున్నరు. నా కొడుకు గూడ గదే అంటున్నడు. కాదని చెప్దామనే చేసిన. మా తేలు తోక ఎడమకుంటది. గా కుండ మీద కుడికున్నది. ఏండ్ల సంది గీస్తున్న, నాకు తెల్వదా? అది మాది కాదు. ఆ పిల్ల మా పిల్ల కాదు."

సంధ్య అటక వైపు చూసింది. ఆ కుండ అక్కడే ఉంది. తోక కుడికే ఉంది. ఎల్లమ్మ చెయ్యి పట్టి గీయించిన రోజు నుంచీ కుడికే. సాయికుమార్ ఏనాడైనా బోనం వంక సరిగ్గా చూసి ఉంటే కదా అతనికి తెలిసేది!

"ఎవల బిడ్డనో గాని, సల్లగుండాలె," అంది ఎల్లమ్మ. గొంతు వణికింది. అదొక్కటీ అనకపోతే బాగుండేది.

"ఏందే, ఏడుస్తున్నవెందుకే?" అన్నాడు వెనక నుంచి సాయికుమార్. ఫోన్ కట్టయింది.

"లైను పోయినట్టుంది," అని నవ్వాడు టీవీ ఆయన. "మన సమయం కూడా అయిపోయింది, సెలవు."

సంధ్య చేతిలోకి ఫోన్ ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. ఇంకెప్పుడూ చేయనని ఒట్టుపెట్టుకున్న అత్తగారింటి నంబరును వేళ్ళు సగం నొక్కేశాయి. రత్నాబాయి ఆ చెయ్యి పట్టుకుంది.

"నకో, వద్దు బిడ్డా. ఇప్పుడు నువ్వు ఫోన్ చేస్తే ఆమె ఆడిన అబద్ధం అంతా ఆగమైతది."

ఇన్నాళ్ళూ సంధ్యకు తన ప్రాణం గురించే భయం. ఆ ముసలిది ఆ ఇంట్లో అతనితో ఒంటరిగా ఉందన్న సంగతి ఇప్పుడే మొదటిసారి తట్టింది. ఫోన్ కింద పెట్టింది.

టీవీలో చివరి సన్నాయి మొదలైంది. జనం లేచి, నవ్వుకుంటూ చాపలు మడుస్తున్నారు. అక్కడ ఆ ఇంట్లో కూడా ఇదే సన్నాయి వినిపిస్తూ ఉంటుంది.