తిప్పి వదిలేసిన కుళాయిలు

పదింటికి పంపుహౌస్‌లో ఫోన్ మోగింది.

"ఏమండీ, ఇక్కడ కరెంటుకి జనరేటర్ ఉంది గానీ, ట్యాంకులో గంటకి సరిపడా నీళ్ళే ఉన్నాయట. నా డయాలసిస్ ఇంకా మూడు గంటలుంది," అంది పంపు ఆపరేటర్ భార్య, ఆసుపత్రి మంచం మీంచి. "మా ఆయనే నీళ్ళు పంపేదని నర్సు దగ్గర గొప్పలు పోయాను. పరువు తీయకండి."

కిందటిసారీ సగంలోనే ఆపారు. మళ్ళీ ఆపితే ఊపిరాడదని డాక్టర్ ముందే చెప్పాడు.

పొద్దున మరమ్మతుకని పంపు ఆపితే, యంత్రాలు చల్లబరిచే నీళ్ళందక విద్యుత్ కేంద్రం ఆగిపోయింది. ఇప్పుడు కరెంటు లేక పంపు తిరగదు. పంపు తిరగందే కరెంటు రాదు. దిక్కల్లా జనరేటర్. దాని డీజిల్ నిన్న బావమరిది పట్టుకుపోయాడు. కాసేపు కరెంటు పోయి, తను నడిపే పాలకేంద్రంలో పాలు విరిగిపోతాయంటే ఆపరేటరే తోడిచ్చాడు. వాళ్ళ మధ్య చేబదులు మామూలే.

బావమరిదికి ఫోన్ చేశాడు.

"డీజిల్ తెచ్చా బావా! కరెంటు లేక గూడ్సు బండి రైలు గేటుకి అడ్డంగా ఆగిపోయింది."

"కథలు చెప్పకు. మీ అక్క మిషన్ మీద ఉందిరా!"

ఆపరేటర్ గేటు దాకా పరుగెత్తాడు. ఇద్దరూ పెట్టెల సందులోంచి నాలుగు డబ్బాలు దాటించి పంపుహౌస్‌కి మోసుకొచ్చారు. పదకొండుకి ఐదు నిమిషాలుందనగా జనరేటర్ అందుకుంది. పంపు తిరిగింది. ప్రెషర్ ముల్లు కాస్త లేచి ఆగిపోయింది.

"ఎక్కదేం బావా?"

ఆపరేటర్‌కి అర్థమైంది. నీళ్ళు రాని రోజు ఊళ్ళో ఎవరూ కుళాయి కట్టరు. వస్తే చప్పుడుకి తెలుస్తుందని తిప్పి వదిలేస్తారు. ఆసుపత్రి పైపుకి ఆ చివర, అక్కడిదాకా నీళ్ళు చేరవు. వీధి వాల్వులన్నీ కట్టేసి రావడానికి పూట పడుతుంది. డీజిల్ గంటకి మించి రాదు.

ఇంటికి ఫోన్ చేశాడు.

"నాన్నా, నీళ్ళొచ్చాయ్!" కూతురు కేక పెట్టింది. "బిందె పొర్లిపోతోంది!"

"కట్టెయ్ తల్లీ! పక్కింటి వాళ్ళనీ కట్టమను!"

"వాళ్ళింటికి తాళం నాన్నా. లోపల ధారగా పడుతోంది, వినిపిస్తోంది."

పెట్టగానే మళ్ళీ మోగింది. ఈసారి నర్సు.

"కుళాయిలో గాలే వస్తోంది సార్. మిషన్ ఆపేస్తున్నాం."

వెనకనుంచి భార్య గొంతు. "ఒక్క నిమిషం ఆగమ్మా. ఆయన పంపిస్తారు."