వట్టికాలికే చెప్పాను

నేను ఒక బ్రేకు పెడల్‌ని. కారెక్కగానే అందరూ మొక్కేది డాష్‌బోర్డు మీది దేవుడికి. ప్రాణం మీదికొస్తే తొక్కేది నన్ను.

ఇనుపరేకును ప్రెస్సు కింద వంచి, కాలు ఆనేచోట రబ్బరు తొడిగి నన్ను తయారుచేశారు. మిగతా వస్తువులు చేతులు మారతాయి. నేను కాళ్లు మారాను. మొదటి యజమాని డాక్టరు. ఎదురుగా ఏమీ లేకపోయినా తొక్కేవాడు. రెండోవాడు కాంట్రాక్టరు. గోతిలో పడ్డాకగాని నేను గుర్తొచ్చేదాన్ని కాదు. మూడోసారి విశాఖలో భానోజీరావు ఇంటికి చేరాను. ఆయన బూట్లతోనే తొక్కేవాడు. ఆయన భార్య కాంతామణి మాత్రం, ముందు అప్పన్నస్వామి పటం ఉందని, చెప్పులు విప్పి నడిపేది.

ఒకరోజు లోపల కుట్ర మొదలైంది. నన్ను తొక్కితే చక్రాలకు ఆయిలు తోసే మాస్టర్ సిలిండరులో రబ్బరు వాషరు అరిగింది. బయట చుక్క కారలేదు. తలుపులన్నీ వేసే ఉన్నాయి, దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

"ఏవండీ, సిగ్నల్ దగ్గర కాలు ఆనించి ఉంచితే బ్రేకు మెల్లగా కిందికి జారిపోతోంది," అంది కాంతామణి.

"నీ కాలే బరువెక్కింది. రేపు అరకు వెళ్తూ అపశకునాలేమిటే?"

రేపు ఘాటురోడ్డులో వాళ్ల మనవరాళ్లిద్దరూ వెనక సీట్లో ఉంటారు. అది తలుచుకుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, ఉన్నది ఒంటికాలే అయినా.

కాంతామణి పట్టుబట్టి భర్తతో సహా కారును షెడ్డుకు తీసుకెళ్లింది. మెకానిక్కు పోలిరాజు సీట్లో కూర్చుని దళసరి బూటుతో దబదబా తన్నాడు. అలా తన్నితే అరిగిన వాషరు కూడా బెదిరి సిలిండరు గోడకు అతుక్కుంటుంది. కుంగుదామని నేనెంత తాపత్రయపడినా రాయిలా నిలబడిపోయాను.

"బ్రేకు దిట్టంగా ఉంది మేడం. మీ అనుమానమే లూజు!"

భానోజీరావు పకపకా నవ్వాడు. కాంతామణి నవ్వలేదు.

"నేను ఆనించమన్నాను, నువ్వు తన్నుతున్నావు. ఆ బూటు విప్పు."

"బూటు ఇప్పితే బ్రేకు బాగవుద్దేటి మేడం?"

"బాగవదు. దొంగ దొరుకుతాడు."

పోలిరాజు బూటు విప్పాడు. ఆమె చూపు చూసి సాక్సు కూడా లాగేశాడు. ఇంజను నడుస్తుండగా వట్టిపాదం మెత్తగా, నిద్రపోతున్న పసిబిడ్డ మీద చెయ్యి వేసినట్టు, నా మీద ఆనించాడు. నేను కుంగాను. ఇంకాస్త కుంగాను. చివరికి వెళ్లి కార్పెట్టును ముద్దుపెట్టుకున్నాను.

"ఓలమ్మో! సార్, ఈ బండి కొండ ఎక్కుద్దిగానీ దిగదండి."

భానోజీరావు నవ్వు టక్కున ఆగింది. ఆ రోజు ఆ కారు దగ్గర సరిగ్గా పడిన బ్రేకు అదొక్కటే.

ప్రయాణం వాయిదా పడింది. కొత్త సిలిండరు వేసి, ఆయిలు లైన్లలో చేరిన గాలి తీశారు. ఆ తరువాత ఘాటు దిగుతున్నంతసేపూ మనవరాళ్లు అంత్యాక్షరి పాడుతూనే ఉన్నారు. నేనున్న సంగతే ఎవరికీ గుర్తులేదు. బ్రేకుకు అంతకు మించిన సన్మానం ఉండదు.

ఆ కారు ఎప్పుడో తుక్కయింది. నన్ను మాత్రం పోలిరాజు ఊడదీసి షెడ్డు గోడకు మేకేసి తగిలించుకున్నాడు. బ్రేకు తేడాగా ఉందంటూ ఎవరొచ్చినా ముందు బూట్లు విప్పుతాడు. ఎందుకయ్యా అంటే, "లోపల దేవుడి పటం ఉంటాది కదండీ," అంటాడు.

పటం లేని కార్లకు కూడా.