ఖాళీ భుజం

స్టూడియో షట్టర్ ఎత్తగానే అతను ముందు కుర్చీ తుడుస్తాడు. తర్వాత వెనకాల తెర సర్దుతాడు. ఆ తర్వాత కెమెరా ముందు నిలబడి దేవుడికి రోజూ చెప్పే మాటే చెప్తాడు. "నువ్వు చూడు, నేను నొక్కుతా."

అందుకే బటన్ నొక్కేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. ఊళ్ళోవాళ్ళు కళ్ళమూత అని పేరు పెట్టారు. పెడితే పెట్టారు. కళ్ళు తెరిచి తీసిన రోజుల్లో అతని ఫోటోల్లో మనుషులు గోడకి మేకు కొట్టి తగిలించినట్టు ఉండేవాళ్ళు. మూసుకోవడం మొదలెట్టాక మొహాల్లోకి ప్రాణం వచ్చింది. భుజం మీదకి చెయ్యి కూడా వచ్చింది.

ఎవరిదో తెలీదు. కూర్చున్నవాళ్ళ కుడి భుజం మీద, వెనకనుంచి ఎవరో వేసినట్టు ఒక చెయ్యి. జనం ఫోటో అందుకుని "చెయ్యి బాగా పడిందా?" అని చూసుకుని వెళ్ళిపోతారు. ఆ ఫోటోల్ని ఆఫీసుల్లో కూడా ఎవరూ కాదనలేదు.

ఒక్క సంగతి మాత్రం అతను ఎవరికీ చెప్పలేదు. ఇప్పటిదాకా ఇద్దరి ఫోటోల్లో చెయ్యి రాలేదు. పాలాయనది ఒకటి, బడి మాస్టారిది ఒకటి. "మసకగా వచ్చిందండీ, మళ్ళీ రండి" అన్నాడు. ఇద్దరూ మళ్ళీ రాలేదు. వారం తిరక్కుండానే పోయారు.

ఆ రోజు అక్క వచ్చింది. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. కొత్త గుర్తింపు కార్డుకి ఫోటో కావాలంది.

"ఒరేయ్, నా ముక్కు కాస్త చిన్నగా రానివ్వమని మీ దేవుడికి చెప్పు."

"ఆ ముక్కు ఆయన ఇచ్చిందేగా అక్కా."

"అందుకే, ఆయన్నే సరిచెయ్యమంటున్నా."

నవ్వుకుంటూనే కళ్ళు మూసి నొక్కాడు.

డార్క్‌రూమ్‌లో ఫిల్మ్ కడిగి, ఎర్రబల్బు కింద కాగితాన్ని మందునీళ్ళలో వేసి ఊపాడు. ముందు జుట్టు వచ్చింది. తర్వాత కళ్ళు, ముక్కు. చెయ్యి ఎప్పుడూ ఆఖర్నే వస్తుంది. ఊపుతూ నిలబడ్డాడు. ఇంకాసేపు ఊపాడు. అక్క మొహం నల్లబడిపోతోంది గానీ భుజం ఖాళీగానే ఉంది.

ఆ కాగితాన్ని తీసి పక్కన పడేశాడు.

ఇంకోటి తీశాడు. ఈసారి దేవుణ్ణి బతిమాలాడు. రాలేదు. మూడోసారి తిట్టాడు కూడా. భుజం ఖాళీయే.

"ఏంట్రా, మొహం అలా పాలిపోయింది?"

"ఏం లేదు. ఈ వారం పనికి పోకు అక్కా."

"పోకపోతే నువ్వెళ్ళి కాజాలు కుడతావా?"

నిజం చెప్తే భయంతోనే పోతుందేమో అనిపించింది. కెమెరాకి టైమర్ తిప్పాడు. అది కిర్రుమంటుండగా పరుగున వెళ్ళి కుర్చీ వెనక నిలబడి, అక్క కుడి భుజం మీద తన కుడిచెయ్యి వేశాడు. కళ్ళు మూసుకున్నాడు.

"నీకు తీరిక లేకపోతే నా చెయ్యి వాడుకో" అన్నాడు లోపల్లోపలే.

ఈసారి కాగితం మీద మొహం కంటే ముందే చెయ్యి వచ్చింది. మందునీళ్ళకి గోధుమరంగు తిరిగిన తన గోళ్ళు. కుర్చీ వెనక నిలబడ్డ తను మాత్రం ఫోటోలో లేడు.

అక్క ఫోటో చూసి మూతి విరిచింది. "గోళ్ళు కడుక్కోమని చెప్పు దేవుడికి."

రెండు రోజులు అతనికి ముద్ద దిగలేదు. మూడోరోజు మధ్యాహ్నం ఒక ఫోటోకి సన్న బ్రష్‌తో మచ్చలు దిద్దుతున్నాడు. ఉన్నట్టుండి బ్రష్ బల్ల మీద పడి దొర్లింది. చూస్తే చొక్కా కుడి చేతి చివర ఏమీ లేదు. మణికట్టు దగ్గర మంచునీళ్ళలో ముంచినంత చల్లగా ఉంది. గుడ్లప్పగించి ఆ ఖాళీని చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి చెయ్యి తిరిగొచ్చింది. గోటి సందున నీలం దారప్పోగు ఒకటి ఇరుక్కుని ఉంది.

సాయంత్రం నీలం జాకెట్‌తో అక్క వచ్చి కుర్చీలో కూలబడింది.

"సరుకు లిఫ్టు తలుపు తెరుచుకుందిరా. గుడ్డల కట్ట మొహానికి అడ్డం. అడుగేశా. లోపల లిఫ్టు లేదు."

"మరి?"

"మరేంటి, నువ్వు వెనక్కి లాగావుగా! భుజం మీద ఆ గోధుమరంగు గోళ్ళు నేను చూళ్ళేదనుకున్నావా? కట్ట మూడంతస్తుల కింద పడిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది." భుజం చూపించింది. నాలుగు వేళ్ళ గుర్తుల మేర కమిలిపోయి ఉంది. "అంత గట్టిగానా పట్టుకునేది, మొద్దు వెధవా!" అని తిట్టి, అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు ఒక ముసలాయన ఫోటో కడిగాడు. భుజం మీద చెయ్యి వచ్చింది. గోధుమరంగు గోళ్ళు. ఆ తర్వాత వచ్చిన పిల్లదాని భుజం మీదా అవే గోళ్ళు. ఆ తర్వాత ఎవరు కూర్చున్నా అంతే.

'నా చెయ్యి వాడుకో' అన్నది అక్క ఒక్కదానికోసమేనని దేవుడికి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాడు. చెప్తే ఈ భుజాలన్నీ ఏమవుతాయో అని నోరు రాలేదు.

ఇప్పుడు కుడిచెయ్యి జేబులో దాచుకుని, బటన్ ఎడంచేత్తోనే నొక్కుతున్నాడు. ఎవరైనా ఫోటో అందుకుని "చెయ్యి బాగా పడిందా?" అంటే "పడిందండీ" అంటాడు. వాళ్ళు గుమ్మం దాటేదాకా ఆగి, కుడి జేబు తడుముకుంటాడు, చెయ్యి లోపలే ఉందో లేదో అని.